మినిట్స్ బుక్కు

కోరం లేదు.
నూట పద్దెనిమిది ప్లాట్లు, డెబ్బై ఆరు ఇండ్లు,
దేవరకొండ రోడ్డు మా వెంచర్ల
ట్యాంకు కింద పరిచిన ఇరవై కుర్చీలల్ల
పదకొండు మందిమి.
అరగంట వాయిదా వేసి మళ్ల ఆడనే కూసుంటే
గా పదకొండు మందే కోరమైతరు.
బైలాల ఉన్నది, నేనే రాసిన.
చట్టం గూడ చాయ్ తాగొచ్చేంత టైమిస్తది.

అధ్యక్షుడు కుంభం నర్సిరెడ్డి సారు.
ఎన్నిక ఏకగ్రీవం. అంటే
ఎవరు నిలబడతరంటే ఎవ్వరూ నిలబడలే,
ఆ పూట కుర్చీ దొరక్క
ఆయన అప్పటికే నిలబడి ఉన్నడు.

కోశాధికారి ద్రోణాచారిది వడ్రంగి చెయ్యి,
రసీదును సుత గీత మీదనే చింపుతడు.
మూడో లైన్ల సోమనర్సయ్య
నాలుగేండ్ల బాకీ.
గేటుకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డు.
కుక్క లేదు, అందరికెరుకే.
అయినా బోర్డుకు మర్యాదిచ్చి
బయటికెల్లే పిలిచొస్తడు ద్రోణాచారి.

లేఅవుట్ల పచ్చరంగేసిన పార్కు జాగల
ఎవరో కడీలు పాతిర్రు.
ఆరో తీర్మానం: కడీలు పీకించాలె.
తొమ్మిదో తీర్మానం: ఆరో తీర్మానం అమలు చెయ్యాలె.
పదిహేనోది: కడీల చుట్టు గోడ లేచినట్టు
సభ గమనించనైనది.

మే నెలల బోరు మోటరు కాలింది.
వాట్సాప్‌ల ఓనర్లంత చేతులు జోడించిర్రు,
బొమ్మల చేతులు.
ఎనిమిదో లైన్ల కిరాయికుండే ఫరీదున్నిసా,
అంగన్‌వాడీ టీచరమ్మ,
గుడ్ల లెక్క రాసే చేత్తోని
ఇంటింటి లెక్క రాసుకున్నది.
రెండు మాపులల్ల మోటరు పైసలు జమ.
సోమనర్సయ్య గేటు సుత తోసుకొని పోయింది.
ఎట్ల పోయినవమ్మా అంటే
"బోర్డు ఉర్దూల లేదు గద సార్" అని నవ్వింది.

ఇయ్యాల్టి ఎజెండాల అదే సంగతి.
టీచరమ్మను కమిటీలకు తీసుకోవాలె అన్నది అండాలమ్మ.
తీసుకోరాదు.
సభ్యుడంటే ఓనరు, పేజీ రెండు, క్లాజు నాలుగు.
ఇక్కడ ఒక్క రాత్రి పండని
నలభై రెండు ఖాళీ ప్లాట్లకు ఓటున్నది.
పదకొండేండ్లు ఈ నీళ్లే తాగి
ఒక్క నెల బాకీ లేని మనిషికి లేదు.

ఆ రూలు రాసింది నేనే, సిగ్గు గూడ నాదే.
రాసిన అంటున్న గని, వేరే కాలనీ బైలా
జిరాక్సు తెచ్చి పేరు మార్చిన అంతే.
పేజీ ఐదుల ఇప్పటికీ వాళ్ల పేరే ఉన్నది,
మేం వాళ్ల పార్కును కాపాడుతమని
ఒప్పుకొని సంతకాలు పెట్టినం.

సవరణకు మూడింట రెండొంతులు గావాలె.
మేం పదకొండు.
అరగంట గాదు, అరవై గంటలు వాయిదేసినా పెరుగం.
వాయిదా.

సంతకాలైనయి.
టీచరమ్మ కుర్చీలను ఒకదాంట్ల ఒకటి పేరుస్తున్నది,
టెంటుహౌసుకు తొమ్మిదిలోపల చేర్చాలె.
పదకొండు కింద పన్నెండు అని అంకె వేసి
పుస్తకం ఆమె దిక్కు జరిపిన.
నర్సిరెడ్డి సారు చూసిండు.
అద్దాలు తీసి తుడుచుకున్నడు,
చానసేపు తుడుచుకున్నడు.
అభ్యంతరం నమోదు కాలేదు.

ఆమె ఉర్దూల పెట్టింది సంతకం,
కుడి నుంచి ఎడమకు,
మా పదకొండు సంతకాలకు ఎదురొస్తున్నట్టు.

"మీటింగైందా సార్, నీళ్లిడువాల్నా?"
చీకట్ల నుంచి మైసయ్య.
ముగ్గురు అధ్యక్షులు మారినా
వాల్వు తిప్పే చెయ్యి మారలే.
మీటింగున్న ప్రతిసారి
ట్యాంకు మెట్ల మీదనే కూసుంటడు.

పదమూడు అని రాయాలని
నాకు అప్పుడు తోచింది.
అప్పటికే ఆయన వాల్వు కాడ వంగిండు,
పైపుల గాలి బుసకొట్టి
వెనుక నీళ్లొస్తున్న సప్పుడు.